రెండు పెడళ్ల కారు

ఈ జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టిన కొత్తల్లో మా నాన్న కారు గురించి ఒక అధ్యాయం రాశాను. చదివినవాళ్లు బాగా నవ్వారు. నూజివీడులో ఒక మెకానిక్ గుడ్ ఫ్రైడే నాడు చర్చికి వెళ్లే తొందరలో గేర్‌బాక్సులో గుడ్డ పెట్టి మర్చిపోవడం, ఆ గుడ్డ మింగిన కారు మైలవరం రోడ్డు మీద మొరాయించడం, దాన్ని మామిడికాయల ట్రాక్టరుకు కట్టి ఊళ్లోకి ఈడ్చుకురావడం, అన్నీ రంగులద్ది రాశాను. మెకానిక్ పేరు రాయలేదు గానీ, మా ఊళ్లో ఆ వయసు వాళ్లకి ఎవరో చెప్పనక్కర్లేదు. అందులో కారు నిజం. ట్రాక్టరు నిజం. గుడ్డ కూడా నిజమే. మర్చిపోయిన మనిషి మాత్రం ఆయన కాదు, నేను. ఇది పాతికేళ్ల కిందటే చెప్పాల్సిన మాట. ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు కూడా చెప్పే వీలుంది, చెప్పలేదు. పైగా నవ్వు కోసం వాడుకున్నాను. ఇప్పుడు వరసగా, నాకు బాగుండేట్టు సర్దకుండా చెప్తాను. నాకు అన్నీ గుర్తున్నాయి. గుర్తులేక తప్పు రాశానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

కిందటి నెలలో, కోతలైపోయి షెడ్డు ఖాళీ అయ్యాక, నా కారు గేర్‌బాక్సు ఆయిలూ ఫిల్టరూ మార్చుకుంటున్నాను. నాదీ ఇప్పుడు నాన్న కారులాగే క్లచ్ పెడలు లేని ఆటోమేటిక్ కారే. షోరూం వాళ్లు ఈ ఆయిల్ జీవితాంతం ఉంటుందంటారు. ఎవరి జీవితాంతమో చెప్పరు. నేను మాత్రం మూడు నాలుగేళ్లకోసారి ఇంటి దగ్గరే మార్చుకుంటాను, ఈ పని ఎవరి చేతికీ ఇవ్వను. ముందు కారుని ఊళ్లో ఒక చుట్టు తిప్పి ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక షెడ్డు గచ్చు మీద, నేల ఎగుడు దిగుడు లేనిచోట నిలుపుతాను. జాకీతో ఎత్తి నాలుగు పక్కలా స్టాండ్లు పెట్టి, ఒకసారి కారుని చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి దూరతాను. గేర్‌బాక్సు అడుగున పళ్లెంలాంటి మూత ఉంటుంది. దాని బోల్టులు ఒక మూల నుంచి వదులు చేస్తూ వస్తే ఆ మూల నుంచి ఆయిల్ కింద పెట్టిన బేసిన్‌లోకి సన్నగా దిగుతుంది. తొందరపడి అన్నీ ఒకేసారి తీస్తే మొహం మీద స్నానమే. పళ్లెం దించాక అందులో ఉండే అయస్కాంతాలకి పట్టిన బూడిద రంగు పొడి కడిగి, పైన ఉన్న పాత ఫిల్టరు తీసి కొత్తది పెట్టి, ఎంత ఆయిల్ దిగిందో కొలిచి మళ్లీ అంతే పోస్తాను. కష్టమైన పని కాదు. నిదానం కావాలి, శుభ్రం కావాలి. లోపలికి గుడ్డ అన్నది తగలకూడదు.

ఆ రోజు పాత ఫిల్టరు నా చేతిలోకి వచ్చిన సమయానికి కారు పక్కన ఒక జత ఆడవాళ్ల చెప్పులు వచ్చి ఆగాయి.

"ఏవండీ, జ్ఞాపకాలు రాస్తారు, ఆయన ఇల్లు ఇదేనాండీ?"

"కారు కిందున్నది ఆయనేనండీ," అన్నాను.

ఆమె నవ్వలేదు. "నా పేరు రూతు అండి. బాపులపాడులో లెక్కల టీచర్ని. మెకానిక్ దానియేలు గారి అమ్మాయిని," అంది.

ఫిల్టరులో మిగిలిన ఆయిల్ నా మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది. బయటికి రావడానికి పట్టేదాని కంటే ఎక్కువ సేపే ఆ కారు కింద ఉన్నాను. వచ్చాక కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు.

"మా స్టాఫ్ రూములో ఒకావిడ మీ పుస్తకం పైకి చదివారండి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సగం దాకా. నేను దెబ్బలాడటానికి రాలేదండి. ఒక్కటి అడిగి వెళ్లిపోతాను. ఆ రోజు మీరక్కడే ఉన్నారు కదా. మా నాన్నగారు ఆ గుడ్డ లోపల ఎప్పుడు పెట్టారో మీరు చూశారా? ఆయనకి గుర్తు రావట్లేదు. ఇప్పటికీ వెతుక్కుంటున్నారు. అన్నం దగ్గర కూర్చుని గాల్లో చెయ్యి తిప్పుతూ చెప్పుకుంటారండి. పళ్లెం దించాను, ఫిల్టరు మార్చాను, చేతులు తుడుచుకున్నాను, గుడ్డ భుజం మీద వేసుకున్నాను... అక్కడ ఆగిపోతారు. వయసు మీద పడింది. అది తేలకుండా పోతారేమోనని నా బాధ."

"ఆదివారం ఉంగుటూరులో మీ ఇంటికి వస్తానమ్మా. ఆయనకే చెప్తాను," అన్నాను.

"చెప్పేది మంచాండీ, చెడా?"

"నాకు చెడు."

ఆమె తలూపి వెళ్లింది.

ఇక ఆ రోజుల సంగతి. వేసవి వచ్చిందంటే మా ఇల్లు సగం షెడ్డయిపోయేది. మాది మామిడి వ్యాపారం. వాకిట్లో వరిగడ్డి వాములా ఉండేది, వరండాలో చెక్క పెట్టెలు, హాల్లో గోనె పట్టాల మీద బంగినపల్లి కాయలు. ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు జాగ్రత్తగా వేసుకుంటూ రావాలి. తొడిమ విరిచిన చోట కారే సొన వాసన గోడలకి, మంచాలకి, మా చొక్కాలకి పట్టి వానలు పడేదాకా పోయేది కాదు. నాన్న పాత పంచెలు ఆ రోజుల్లో అమ్మ చేతిలో రెండు రకాలుగా చిరిగేవి. అరిగి మెత్తబడ్డవి కాయల మీద సొన తుడవడానికి, కాస్త గట్టిగా ఉన్నవి నాయనమ్మ ఆవకాయ జాడీలకి వాసెన కట్టడానికి. నాయనమ్మకి మూతి తెరిచిన వస్తువు కంటబడితే ప్రాణం ఆగేది కాదు. జాడీ అయినా, పాల గిన్నె అయినా, నూనె డబ్బా అయినా, చివరికి కిరసనాయిలు సీసా అయినా దాని మూతికి చదరపు గుడ్డ ముక్క పడాల్సిందే. "ఏరా, ఈగలకి విందు పెట్టావా?" అనేది. వాసెన కట్టడం మా ఇంట్లో పిల్లలందరికీ బొడ్డూడక ముందే నేర్పినంత పని చేసింది. గుడ్డ బిగించి లాగడం, పురికొస మూడు చుట్లు చుట్టడం, ముడి పక్కకి తెచ్చి ఒక చెవి వదలడం. ఆ చెవి పట్టుకు లాగితే ఒక్క ఊపులో ఊడొస్తుంది. నాకు ఇరవై దాటేసరికి అది చెయ్యి చేసే పనేగానీ నేను చేసే పని కాదు.

నాన్న అంతకు నాలుగేళ్ల ముందు లోడు లారీ మీద నుంచి పడ్డాడు. ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు. తోటలన్నీ తనే తిరిగి, కాయ తనే చూసి బేరం చేసే మనిషి ఒకరి స్కూటరు వెనక కాలు చాపుకుని కూర్చుని వెళ్లాల్సి వచ్చేది. ఆ కాలు అడ్డం తగిలి ఒకసారి గేదె పడింది. అప్పుడు ఎవరో చెప్తే హైదరాబాదు నుంచి ఒక పాత తెల్ల కారు తెప్పించాడు. క్లచ్ పెడలు లేదు, రెండే పెడళ్లు. "ఎడం కాలికి సెలవిచ్చిన కారయ్యా ఇది," అని వచ్చిన వాళ్లకల్లా చూపించేవాడు. మొదటిసారి ఒక్కడే బాపులపాడు దాకా వెళ్లొచ్చిన రోజు, భోజనానికి కూర్చుని రెండుసార్లు పెరుగన్నం వేయించుకున్నాడు. పడ్డాక ఆయన అలా తినడం అదే మొదలు.

ఆ కారుని ముట్టుకోవడం తెలిసినవాడు ఊళ్లో దానియేలు గారొక్కరే. కువైట్‌లో అయిదారేళ్లు పనిచేసి వచ్చి పాత బస్టాండు వెనక వీధిలో షెడ్డు పెట్టుకున్నారు. అక్కడ అన్నీ ఇలాంటి కార్లేనట. ఇక్కడ నేను 'గారు' అని రాస్తున్నాను గానీ అప్పుడు మా ఇంట్లో ఎవరూ అలా పిలవలేదు. నాకంటే పాతికేళ్లు పెద్దాయన నన్ను "చినబాబు గారూ" అంటే, నేను "ఏం దానియేలూ" అనేవాణ్ని. అదీ రాయాల్సిందే. ఆయన పని చేస్తుంటే చూడటం నాకు సినిమాకి వెళ్లినంత ఇష్టం. పాత ఆయిల్ ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి అది పరుచుకునే తీరు చూసేవారు, తర్వాత కాగితం ముక్కు దగ్గర పెట్టుకునేవారు. కొత్త ఆయిల్ ఎర్రగా, మూడో రోజు ఆవకాయ మీద తేరిన నూనెలా ఉండేది. "ఇంజనుకి ఏదన్నా అయితే ఏడుస్తుంది చినబాబు గారూ, మనకి తెలుస్తుంది. ఈ గేర్‌బాక్సు ఏడవదు. లోపల్లోపలే మాడిపోయి, అంతా అయ్యాక చెప్తుంది. దీనికి దుమ్ము పనికిరాదు, దారప్పోగు పనికిరాదు," అని చెప్పేవారు. పళ్లెం కిరసనాయిలుతో కడిగి ఎండలో ఆరబెట్టేవారేగానీ గుడ్డతో తుడిచేవారు కాదు. చేతులు తుడుచుకునే గుడ్డ ఎప్పుడూ భుజం మీదే ఉండేది. అది కింద పెట్టగా నేను చూడలేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఆ పని పెట్టుకున్నది ఆయన కాదు, మేము. నా పాత అధ్యాయంలో ఇది తలకిందులుగా రాశాను. ఆ సాయంత్రం ఢిల్లీ నుంచి సేట్లు వస్తున్నారు, వాళ్లని తోటలకి తన కారులో తనే తిప్పాలని నాన్న పట్టుదల. "ఇవాళొద్దు షావుకారు గారూ, చర్చిలో ఏడు మాటల ప్రార్థన ఉంది, పన్నెండింటికి కూర్చుంటే మూడింటిదాకా లేవకూడదు, రేపు తెల్లారే వచ్చి చేస్తా," అని దానియేలు గారు రెండుసార్లు చెప్పారు. నాన్న వినలేదు. పాపం ఆయన పొద్దున్నే మొదలుపెట్టి, పాత ఆయిల్ దించి, కొత్త ఫిల్టరు పెట్టి, పళ్లెం కడిగి బోర్లించి, పదకొండున్నరకి చేతులు కడుక్కున్నారు. సంచిలో మడతపెట్టి తెచ్చుకున్న తెల్ల చొక్కా వేసుకున్నారు.

"గాలి లేస్తోంది. దేన్నీ ముట్టుకోకండి చినబాబు గారూ. మూడున్నరకల్లా వచ్చి పళ్లెం బిగించి ఆయిల్ పోస్తా," అని వెళ్లారు.

ఆయనన్నట్టే పడమర గాలి లేచింది. వాకిట్లో వరిగడ్డి నలుసులు కారు కిందికి కొట్టుకుపోతున్నాయి. నేను వంగి చూస్తే కొత్త ఫిల్టరు మూతి తెరుచుకుని కిందికి చూస్తోంది. మా ఇంట్లో పెరిగిన ఎవరైనా చేసే పనే నేను చేశాను. అమ్మ దగ్గర పంచె ముక్క ఒకటి తీసుకుని, కారు కిందికి దూరి, ఆ మూతికి వాసెన కట్టాను. మూడు చుట్లు, పక్కకి ముడి, ఒక చెవి. మంచి పని చేశాననే అనుకున్నాను. అక్కడి వరకు నా తప్పు చిన్నదే. దానియేలు గారికి చూపించి శభాష్ అనిపించుకుందామని కూడా అనుకున్నాను.

భోజనం చేసి, కునుకు తీసి లేచేసరికి రెండు దాటింది. నాన్న వరండాలో అటూ ఇటూ కుంటుతున్నాడు.

"ఇంకా బిగించలేదేంట్రా? వాళ్లు అయిదింటికి వచ్చేస్తారు."

"దానియేలు వస్తానన్నాడుగా నాన్నా."

"పళ్లెం పెట్టి నాలుగు బోల్టులు తిప్పడానికి దానియేలు కావాలా? రోజూ ఆ కారు కింద పడి ఏం నేర్చుకున్నావు మరి?"

ఆ మాట నాకు తగిలింది. వెళ్లి బిగించాను. పళ్లెం రెండు చేతులా పైకెత్తి పట్టుకుంటే దాని పైనేముందో కనపడదు. నా దృష్టంతా అంచున గాస్కెట్టు జరక్కుండా చూడటం మీదే ఉంది. బోల్టులన్నీ ఆయన చేసే పద్ధతిలోనే ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. గుడ్డ సంగతి నిజంగానే మర్చిపోయాను.

మూడున్నరకి దానియేలు గారు తెల్ల చొక్కాతోనే వచ్చారు. కింద పడుకుని బోల్టులు వేలితో తడిమి, లేచారు.

"ఎవరు బిగించారు?"

"మావాడే! ఎలా ఉంది?" అన్నాడు నాన్న. ఆయన గొంతులో గర్వం నాకు కొత్త.

"బాగానే బిగించారండి." దానియేలు గారు నా వైపు తిరిగారు. "లోపల ఏమన్నా ముట్టుకున్నారా చినబాబు గారూ? గుడ్డ గానీ, ఏదన్నా?"

గుడ్డ అన్న మాట వినగానే నాకు గుర్తొచ్చింది. స్పష్టంగా, ముడితో సహా గుర్తొచ్చింది. నాన్న నన్ను చూస్తున్నాడు.

"లేదు," అన్నాను.

ఆ మాట అనేశాక దాన్ని నిలబెట్టడానికి మనసు ఎంత వేగంగా పనిచేస్తుందో అప్పుడు తెలిసింది. నూనె గుడ్డలో వడకట్టమా, ఇదీ అంతే, ఇంకా శుభ్రంగా వెళ్తుంది అనుకున్నాను. దానియేలు గారికి మాత్రం ఏదో తేడా అనిపించింది. "ఎందుకైనా మంచిది, ఒకసారి దించి చూసుకుంటా షావుకారు గారూ, గంట పని," అన్నారు.

"లేదంటున్నాడు కదయ్యా. వాడి మాట నమ్మవా?"

"అబ్బే, అదేం మాటండీ," అని ఆయన ఆయిల్ డబ్బా మూత తిప్పారు.

పది రోజులు కారు బాగానే తిరిగింది. ఆ తర్వాత మైలవరం రోడ్డులో, నాన్న నడుపుతుంటే, పక్కన నేను ఉండగా, ఇంజను గొంతు పెంచింది, కారు నడక తగ్గించింది. నాన్న ఇంకా తొక్కాడు. ఇంజను అరుస్తోంది, కారు కదలదు. కింది నుంచి మాడిన వాసన లేచింది. ట్రాక్టరు వెనక కట్టి ఊళ్లోకి తెచ్చినప్పుడు నాన్న స్టీరింగు దగ్గరే కూర్చుని, ఎదురుగా చూస్తూ ఉన్నాడు. నా పాత అధ్యాయంలో అందరూ ఎక్కువ నవ్వింది ఇక్కడే.

విజయవాడలో ఒక వర్క్‌షాపులో పళ్లెం దించారు. ఆ మెకానిక్ ఫిల్టరు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదండీ మీ జబ్బు. మూతికి గుడ్డ అడ్డం పడింది. ఆయిల్ అందక లోపల క్లచ్ ప్లేట్లన్నీ మాడిపోయాయి, ఈ బాక్సు ఇక పనికి రాదు," అని నాన్నని లోపలి ముక్కలు చూపించడానికి పిలిచాడు. ఇద్దరూ అటు తిరిగారు. గుడ్డ నల్లగా, మట్టి ముద్దలా ఉంది. దారం కనపడటం లేదు, ఉందని నాకొక్కడికే తెలుసు. వేలితో తడిమి చెవి పట్టుకు లాగాను. నాయనమ్మ నేర్పిన ముడి ఒక్క ఊపులో ఊడింది. దారం జేబులో పెట్టుకున్నాను. దారం ఉంటే అది కట్టిన గుడ్డ. లేకపోతే మర్చిపోయిన గుడ్డ. అప్పుడు నేను భయంలో చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయంలో చేసినవాడికి అంత తెలివి ఉండదు.

నాన్న దానియేలు గారిని పిలిపించి ఆ గుడ్డ వరండాలో ఆయన ముందు పడేశాడు. ఆయన చేతిలోకి తీసుకుని, ఒక మూల పిండి, వెలుతురుకి పట్టి చూశారు. పొద్దున చేతులు తుడుచుకోవడానికి మా అమ్మ ఆయనకిచ్చినదీ అదే పంచెలోంచి చింపిన ఇంకో ముక్క. చాలాసేపు చూసి, "నాదే అయ్యుంటుందండి," అన్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూశారు. అనుమానంతో కాదు. చినబాబు గారు ముట్టుకోలేదన్నారు కాబట్టి ఇక మిగిలింది తనే అన్నట్టు చూశారు.

"మనసు ప్రార్థన మీదుంటే పని ఇలాగే ఏడుస్తుంది. ఇక మా గడప తొక్కకు," అన్నాడు నాన్న.

ఆ మాట పదిమందికీ చెప్పాడు. మామిడి సీజను కాబట్టి ఊరంతా మా షెడ్డు మీదుగానే తిరుగుతోంది. నెల తిరక్కుండా ఆయనకి 'గుడ్డ మెకానిక్కు' అని పేరు పడింది. కార్లు వెళ్లడం మానేశాయి, తర్వాత జీపులు, తర్వాత స్కూటర్లు. మరుసటి వేసవికి తన షెడ్డు మూసి ఉంగుటూరు వెళ్లిపోయారు. నేను నోరు విప్పితే అప్పటికైనా ఆగేది. విప్పకపోవడానికి ధైర్యం లేకపోవడం కాదు కారణం, నాకేమీ కాకపోవడం. నాకు రోజులు మామూలుగానే గడిచాయి. నాన్నకి మాత్రం గడవలేదు. ఆయన మళ్లీ కారు నడపలేదు. మామూలు కారు కొన్నాం, నేనే నడిపేవాణ్ని. ఆయన పక్క సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ కుడికాలితో నేల నొక్కేవాడు. అలాగే నొక్కుతూ పోయాడు. దానియేలు గారి మీద కోపం పోకుండానే పోయాడు. అది కూడా నేను చేసిందే.

ఆదివారం మధ్యాహ్నం ఉంగుటూరు వెళ్లాను. దానియేలు గారు ఇంటి ముందు పందిరి కింద మందు కొట్టే స్ప్రేయర్లు విప్పుకుని కూర్చున్నారు. ఈ పాతికేళ్లూ ఆయన చేసింది వాటి పనీ, నీళ్ల ఇంజన్ల పనీ. బాగా చిక్కిపోయారు. నన్ను చూడగానే చేతికర్ర కోసం వెతుక్కున్నారు.

"రండి రండి చినబాబు గారూ! రూతు చెప్పింది మీరొస్తారని."

"కూర్చోండి దానియేలు గారూ."

"గారు ఏంటండీ కొత్తగా? నేనేమన్నా సర్పంచ్‌నయ్యానా?" అని నవ్వారు.

ఆ నవ్వు ఆగకముందే చెప్పేశాను. ఆగితే చెప్పలేనని తెలుసు. రూతు గుమ్మం పట్టుకుని వింటోంది. ఆయన నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూడలేదు, నేల చూస్తూ చెప్పాను. అయిపోయాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న మెకానిక్ అడిగేదే.

"దేంతో కట్టారు?"

"పురికొసతోనండి. మూడు చుట్లు."

"అదీ! ఊరికే పడిన గుడ్డయితే పళ్లెంలో అడుక్కి ఉండాలి. మూతికి అడ్డం పడిందన్నారు, అంత నీటుగా ఎట్లా అంటుకుందా అని నా తల పగిలిపోయేది." చేతిలో స్ప్రేయరు పక్కన పెట్టారు. "నేను అడిగినప్పుడు మీకు గుర్తులేదు కదూ? తర్వాతెప్పుడో గుర్తొచ్చి ఉంటుంది."

ఆయన నాకు దారి ఇస్తున్నారు. తీసుకోలేదు.

"మీరు గుడ్డ అన్నప్పుడే గుర్తొచ్చిందండి. తెలిసే లేదన్నాను."

ఆయన లేచి లోపలికి వెళ్లారు. బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు వినపడింది. చాలాసేపటికి వచ్చి, కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"మా ఆవిడ పోయి మూడేళ్లండి. అది ఒప్పుకునేదే కాదు. 'నువ్వు గుడ్డ మర్చిపోయే మనిషివి కాదయ్యా, ఇంకేదో జరిగింది' అనేది. 'నీకేం తెలుసే గేర్‌బాక్సు గురించి, నోర్ముయ్' అనేవాణ్ని. అన్నేళ్లూ నోరు మూయించానండి. ఇప్పుడు దానికెవరు చెప్తారు?"

రూతు లోపలికి వెళ్లిపోయింది.

"క్షమించమని అడగడానికి వచ్చారా?"

"లేదండి. చెప్పడానికొచ్చాను. పుస్తకంలో కూడా రాస్తాను, నా పేరుతో."

"అడక్కపోవడమే మంచిదైంది. అది నాకూ దేవుడికీ మధ్య పని, టైము పడుతుంది. పుస్తకం మీ ఇష్టం. నన్ను గుడ్డ మెకానిక్కు అన్నది పుస్తకాలు కాదు, మా షెడ్డు వీధి. అక్కడికొచ్చి చెప్పండి. నేనూ వస్తా."

"ఎప్పుడండీ?"

"కారు తెచ్చుకున్నారుగా."

రూతు వెనక కూర్చుంది, ఆయన ముందు. కింద రెండు పెడళ్లు చూశారు. నూజివీడు తోటలు మొదలయ్యాక "ఆయిల్ మార్చారా?" అని అడిగారు. మార్చానన్నాను. "పళ్లెం దేంతో తుడిచారు?" తుడవలేదు, ఆరబెట్టానన్నాను. "ఊఁ," అని కిటికీ వైపు తిరిగారు.

పాత బస్టాండు వెనక వీధిలో దిగాక నాకు ఒక సంగతి తెలిసింది. పాతికేళ్లుగా నేను భయపడిన వీధి అక్కడ లేదు. షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు, పక్కన మందుల షాపు, ఎదురుగా బిర్యానీ హోటలు. అప్పట్లో ఈ వీధిలో ఒక మనిషి తుమ్మితే ఆ చివర నుంచి ఎవరో ఒకరు చిరంజీవ అనేవారు. మంచైనా చెడైనా ఒకరి పేరు ఇంకొకరి నోట్లో ఏళ్ల తరబడి నలిగేది, అదే మనిషిని నిలబెట్టేది, అదే పడగొట్టేది. ఇప్పుడు ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదు. మా ఇంట్లో కూడా ఆవకాయ మరమూతల డబ్బాల్లో వస్తోంది, వాసెన కట్టడం నా కోడలికి తెలియదు, తెలియకపోవడం వల్ల నష్టమూ లేదు. ఈ కాలమే నయమని చాలా విషయాల్లో అంటాను. కానీ ఒకడి పేరు చెరిపిన వాళ్లంతా వెళ్లిపోయాక దాన్ని ఎవరి ముందు తిరిగి నిలబెట్టాలి? సెల్‌ఫోన్ల షాపాయన్ని అడిగితే "ఏ దానియేలండీ?" అన్నాడు. దానియేలు గారు ఆ మాట విని, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని వీధి అటు చివర నుంచి ఇటు చివరకి చూశారు.

టీకొట్టు బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు లారీలకి నంబర్లు రాసే పెయింటరు. ఆయన కళ్లు చికిలించి లేచాడు.

"ఎవరూ, దానియేలా? ఎన్నాళ్లైందయ్యా! గుడ్డ..." అని నాలిక కరుచుకున్నాడు.

నేను ముందుకు వెళ్లాను. "ఆ గుడ్డ ఈయన మర్చిపోలేదండి. నేను కట్టింది. అడిగితే అబద్ధం చెప్పాను," అన్నాను.

"ఆఁ? ఈ చెవి పోయిందండి. కాస్త గట్టిగా."

దానియేలు గారి వైపు చూశాను. ఆయన మొహంలో జాలి లేదు, కోపమూ లేదు. పని సరిగ్గా జరుగుతోందా లేదా అని చూసే చూపు.

"గట్టిగా చెప్పమంటున్నాడు," అన్నారు.

గట్టిగా చెప్పాను. మా నాన్న పేరు, మా షెడ్డు పేరు చెప్పి, నేనెవరో చెప్పి, మొదటి నుంచి చెప్పాను. టీకొట్టాయన స్టవ్వు తగ్గించాడు. మందుల షాపు మెట్ల మీద ఇద్దరు ఆగారు. సెల్‌ఫోన్ల షాపాయన బయటికొచ్చి నిలబడ్డాడు. పెయింటరు అంతా విని, నన్ను వదిలేసి దానియేలు గారి దగ్గరికి జరిగాడు.

"అంటే నువ్వు కాదా? మరి నువ్వే అని అప్పుడు నువ్వే చెప్పావు కదయ్యా?"

"చెప్పాను," అన్నారు దానియేలు గారు. "తప్పు చెప్పాను. నేను కాదు."

తర్వాత కర్ర ఎత్తి బిర్యానీ హోటలు వైపు చూపించారు.

"వాళ్లకి వినపడలేదు చినబాబు గారూ. అటొచ్చి ఇంకోసారి చెప్పండి."

రోడ్డు దాటి, మళ్లీ మొదలుపెట్టాను.